మూడో నంబరు స్ట్రెచరు

రాత్రి పదింటి నుంచి మంచినీళ్ళు గూడా ముట్టొద్దన్నారు.
నాకు తెల్సు. ఇరవై రెండేండ్లుగా ఈ మాట
ఆపరేషనుకు పోయే ప్రతి మనిషికీ చెప్పినోన్ని నేనే.
"ఒక్క గుటకేలే" అని తాగి
టేబులు దాకా పోయి తిరిగొచ్చిన డోన్ ముసలాయన్ని
ఎంత తిట్టినానో!
తెల్లారుజామున నాలిక పలుగురాయి మాదిరి ఎండిపోతే
ఆయనే గుర్తొచ్చినాడు.
మెల్లగా కొళాయి దాకా పోయి
మొగం మాత్రం కడుక్కోని వచ్చినా.

కర్నూలు పెద్దాస్పత్రి, మగోళ్ళ సర్జరీ వార్డు.
ఈ మంచాల నడుమ నడిచినోన్నే గానీ
పండుకున్నోన్ని గాదు.
గజ్జల్లో గడ్డ. పేగు జారిందంట.
"బరువులు మోస్తావా?" అన్నాడు చిన్న డాక్టరు.
"మోయను సార్, తోస్తా" అన్నా.

ఆరింటికి బజారి బ్లేడు తెచ్చినాడు.
రోజూ ఒక టీని సగం సగం తాగేటోళ్ళం,
ఈ పొద్దు వాడు నా మొగం చూడలేదు,
నేను వాని చెయ్యి చూడలేదు.
మొలతాడు కత్తిరించేటప్పుడు మాత్రం
"కొత్తది కొనిస్తాలే మద్దిలేటీ" అన్నాడు.

ఎస్తేరు సిస్టరు కాగితం ఇచ్చింది.
నీకు చదవొస్తాది గదా, చదివి సంతకం పెట్టు అనింది.
చదివినా. చదవకుండా ఉండాల్సింది.
ఎందరి బొటనేలు పట్టి దీని మీద ఒత్తించినానో,
"ఉత్తదేలేమ్మా, అందరూ వేస్తారు" అని!
ఉత్తదేం గాదు.
నాలుగో వరసలో ప్రాణం అనే మాట ఉంది.

ఉంగరం, వాచీ, పై పండ్లసెట్టు
సుంకులమ్మ కొంగులో పడినాయి.
బోసినోటితో ఏదో చెప్పబోతే
నా మాట నాకే అర్థం గాలేదు.
ఆమె నవ్వింది, పసిపిల్లోన్ని చూసి నవ్వినట్ల.

అప్పుడొచ్చింది బండి. మూడో నంబరు.
ముందు కుడి చక్రం కుయ్యి కుయ్యిమంటుంది,
నేనే కొబ్బరినూనె పోసేటోన్ని.
తోసేది ఉరుకుందు. పోయిన యేడు నేర్పిచ్చినా వానికి:
ఎక్కేటప్పుడు తల ముందు, దిగేటప్పుడు కాళ్ళు ముందు,
తల ఎప్పుడూ ఎత్తున ఉండాల.
సుంకులమ్మ వాని జేబులో యాభై నోటు పెట్టింది,
అందరూ పెట్టినట్లే.
తీసుకున్నాడు.
వాని జాగాలో నేనున్నా తీసుకుంటాంటి.
తీసుకున్నా గూడా, ఎన్నోసార్లు.

పండుకుంటే తెలిసింది,
ఇన్నేండ్లూ ఈ దావన నేల తప్ప ఏం చూడలేదని.
ఎక్స్‌రే రూము దాటినాక పైన పెచ్చులూడి
ఎండాకాలం తుంగభద్ర మాదిరి వంకరటింకర పగులు.
మలుపు కాడ లైటు డిప్పలో సచ్చిన పురుగులు.
ర్యాంపు నడిమిట్లో పావురం గూడు.
అది మెడ వంచి నన్ను చూసింది.
వేలమందిని తోసినా ఈ దావన,
వాళ్ళంతా దీన్నే చూసింటారు.
ఒక్కరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.
"కండ్లు మూసుకో" అని తోసుకుంటా పోయినా.

థియేటరు గడప కాడ ఒక ఎగుడుంటాది.
"తగుల్తాది" అని ముందే చెప్పాల.
మర్చిపోయినాడు నా శిష్యుడు. నడుము అదిరింది.

బయట నలభై నాలుగు డిగ్రీల ఎండ,
లోపల పండ్లు కొట్టుకునే చలి, పండ్లుంటే.
ముడుచుకోమనింది మత్తు డాక్టరమ్మ.
వెన్నులో చల్లటి చీమ, ఆ వెనక వేడి,
ఆ వెనక నా కాళ్ళు ఎవరివో.
పచ్చగుడ్డ అవతల ఎవరో
బిర్యానీ యాడ బాగుంటాదని మాట్లాడుకుంటాండారు.
ధైర్యమొచ్చింది.
సచ్చేటోని ముందర బిర్యానీ సంగతి ఎత్తరు గదా.

వార్డుకొచ్చినాక ఒణుకు. రెండు దుప్పట్లు.
సిస్టరు చెప్పేదాకా నీళ్ళు లేవు.
ఉరుకుందు బండి తిప్పుతాంటే చెయ్యి పట్టుకున్నా.
"గడప కాడ ముందే చెప్పాల రా.
ఇంగొకటి. కండ్లు మూసుకోమనొద్దు ఎవర్నీ.
పైన పావురం ఉంది, చూడమను."

మందు మత్తనుకున్నాడు.
"సరే మామా" అని జేబులోంచి యాభై తీసి
దిండు కింద పెట్టబోయినాడు.
ఉంచుకో అన్నా.
చక్రానికి నూనె కొను.