ఉప్పు బాట

పెద్ద కొండకి జనం ఎక్కువ.
ఆర్నెల్ల ముందే పర్మిట్‌కి పేరు రాయించుకుంటారు.
రాత్రి రెండింటికి లేచి, నుదుట దీపాలు కట్టుకుని
తాడు పట్టుకుని బారులు తీరతారు.
మబ్బు లేని రాత్రి మా వసారాలోంచి చూస్తే
కినబాలు మెడలో ఎవరో
తీరిగ్గా పూసలు గుచ్చుతున్నట్టుంటుంది.

ఆ పూసల్లో ఒకటి మా అన్న దాంసల్.
వీపు మీద గ్యాస్ సిలిండరు.
ఎక్కేవాళ్ళకి గుడ్లు వేడిగా ఉండాలి కదా.
దిగొచ్చాక వాళ్ళకి పేరు అచ్చేసి
రంగుల కాగితం ఇస్తారు.
మా అన్నకీ ఎక్కినప్పుడల్లా ఒకటిచ్చుంటే
ఇంటి గోడలకి సున్నం ఖర్చు తప్పేది.

మా ఒదు మాత్రం ఆ కొండ మొహం చూడదు.
ఒదు అంటే మా అవ్వ.
ఆదివారం చర్చికి వెళ్తుంది, జపమాల తిప్పుతుంది,
అయినా
చచ్చినవాళ్ళు ఆ కొండెక్కుతారనే ఆమె నమ్మకం.
"ఎలాగూ పోయేదేగా,
ఇప్పట్నించీ తొందరేం?"

నాది ఈ బాట.
మొదట్లో ఒక బోర్డుంది, అక్షరాల్ని నాచు తినేసింది.
నెలకి ఇద్దరొస్తే పండగ.
ఐదు రింగిట్ల నల్ల రబ్బరు బూట్లు,
జలగలకి పొగాకు నీళ్ళు, ఒక కత్తి.
అంతే నా ఆఫీసు.

మొన్న కుచింగ్ నుంచి ఒక లెక్కల మాస్టారొచ్చాడు,
హో కియాన్ సెంగ్.
ఎన్ని కిలోమీటర్లన్నాడు.
మా పాతవాళ్ళు దూరాన్ని తమలపాకుతో కొలిచేవాళ్ళని చెప్పాను.
ఈ గట్టు ఒక నమిలింత,
ఆ లోయ మూడు నమిలింతలు.
నవ్వి, పుస్తకంలో రాసుకున్నాడు.
ఏటిని పదిహేడుసార్లు దాటాలంటే
వేళ్ళు మడుస్తూ బయల్దేరాడు.
పదకొండో దాటుకి వేళ్ళు అయిపోయాయో, ఓపిక అయిపోయిందో,
రాయి మీద కూలబడి
మేజోళ్ళలోంచి జలగలు ఏరుకుంటూ అడిగాడు:
"చివర ఏం కనిపిస్తుంది?"

ఏమీ కనిపించదు మాస్టారూ.
చివర సంత ఉండేది.
సంతలో ఉప్పు ఉండేది.

మా ఒదుకి పన్నెండేళ్ళప్పుడు
వెదురు బుట్టలో పొగాకు మోసుకుని నాలుగు రోజులు దిగింది,
ఆకుల్లో చుట్టిన ఉప్పు మోసుకుని ఐదు రోజులు ఎక్కింది.
ఎక్కడో ఒక దాటులో
(తొమ్మిదోదంటుంది, ఒక్కోసారి పదమూడోదంటుంది)
కాలు జారింది.
పిల్ల దక్కింది, ఉప్పు కరిగింది.
చొక్కాలోంచి కారుతూ, ఒరుసుకుపోయిన వీపు మీద
నిప్పులా మండుతూ
ఇంటిదాకా వచ్చింది.

వాళ్ళమ్మ తిట్టలేదు.
చొక్కా విప్పించి
కుండలో జాడించి
ఆ నీళ్ళతోనే కూర వండింది.
"అంత రుచైన కూర మళ్ళీ తినలేదు,"
అంటుంది ఒదు.
వీపున మచ్చ ఇంకా ఉంది,
చూపించమంటే సిగ్గుపడుతుంది.

మాస్టారు బూట్లు తొడుక్కున్నాడు.
ఆ తర్వాత లెక్క అడగలేదు.
పన్నెండో దాటులో మాత్రం
నీళ్ళలో మోకాలి లోతున నిలబడి
చాలాసేపు కిందికి చూశాడు,
ఏదో పారేసుకున్నవాడిలా.

ఇప్పుడు మా ఊరి కొట్లో
ఉప్పు ప్యాకెట్ రింగిట్‌కొకటి.
వర్షంలో గడ్డ కడితే కోళ్ళ దొడ్లో పారబోస్తాం.

అయినా నేను బాట నుంచి తిరిగొచ్చిన ప్రతిసారీ
ఒదు వసారాలో కూర్చునే ఉంటుంది.
తెచ్చావా, అంటుంది.
చెయ్యి చాపుతాను.
ముంజేతి మీద ఆరిన చెమటని
వేలితో ఒత్తి, నాలుక మీద పెట్టుకుని,
పళ్ళు లేని నోటితో చప్పరించి,
"ఈసారి తక్కువే తెచ్చావు,"
అంటుంది.