ఒక్క వేలు చాలు

పొద్దంతా క్రేన్ కింద నిలబడి చేతులు ఊపుత.
పైకి. జర పైకి. ఆపు.
పిడికిలి బిగిస్తే పన్నెండు టన్నుల ఇనుము
గాలిల నా మాట విని ఆగుతది.

గురువారం రాత్రి అదే విజిలు మెడకేసుకుని
ఫలజ్ క్యాంపు వెనక ఇసుక గ్రౌండుకు పోత.
అక్కడ ఎవడూ నా మాట వినడు.

సోహార్ గాలికి సున్నపు గీతలు నిలువయి.
హాఫ్ టైముకు సగం కొట్టుకపోతయి.
చిన్న బాక్సును మడిమెతోని మళ్ల గీస్త,
పెండ్లి వాకిట్ల తొక్కిన ముగ్గును సరిజేసే మేనత్త లెక్క.

ఆ గీతల లోపల గోల్‌కీపర్‌ను ముట్టుకుంటే పాపమని
అందరికీ ఒక నమ్మకం.
కీపర్లకైతే మరీ. గాలి తగిలినా పడిపోతరు,
పడ్డంక ఒక కన్ను తెరిచి నా దిక్కు చూస్తరు.
రూలు బుక్కుల గట్ల లేదు.
భుజానికి భుజం తగిలితే ఆట.
గాలిల ఉన్నోని నడుము కింద దూరితే తప్పు.
రెండింటి నడుమ రెప్పపాటు,
ఆ రెప్పపాటులనే చెమట కంట్లె పడ్తది.

ఇంకోటి.
బంతి మీద కీపర్ చెయ్యి ఉంటే బంతి వానిదే.
గట్టిగ పట్టుకోవాల్నని లేదు.
నేలకు అదిమి ఒక్క వేలు ఆనిచ్చినా చాలు,
ఇగ దాన్ని ఎవడూ తన్నొద్దు.

మొన్న సెమీఫైనల్. ఆఖరి రెండు నిమిషాలు. కార్నర్.
జనరేటర్ ఒకసారి దగ్గింది, లైట్లు మినుకుమన్నయి.
ఖిమ్‌లాల్ ఎగిరిండు. బంతి జారింది.
బోర్లపడి ఎడమ చెయ్యి చాపిండు.
నేను ఆరడుగుల దూరంల ఉన్న.
చూసిన. గ్లౌజు చిటికెన వేలు కొస
బంతి మీద ఆని ఉన్నది.
అప్పుడే షమ్నాద్ బూటు వచ్చింది,
వల ఊగింది,
కేఫ్‌టీరియా జట్టు జట్టంతా ఒకని మీద ఒకడు ఎక్కిండ్రు.

నేను ఊదిన.

ఐదు భాషలల్ల తిట్లు.
మలయాళం తిట్లు మొత్తం సమజైనయి, పదేండ్లాయె వచ్చి.
షమ్నాద్ ముక్కుకు ముక్కు ఆనిచ్చి అడిగిండు:
"అదొక చెయ్యా? ఆ కొసనా?"
"వేలంటే చెయ్యే," అన్న.
గొంతు వణకలేదు. అందుకు నాకే ఆశ్చర్యం.

ఆట అయినంక నీళ్ల ట్యాంకు కాడ
ఖిమ్‌లాల్ పండ్లతోని పట్టి గ్లౌజు గుంజిండు.
ఎడమ చేతికి చిటికెన వేలు లేదు.
మొదలు కాడికి లేదు.
గ్లౌజులకెల్లి ఒక పాత బనీను పేలిక తీసి
పిండి, దులిపి, పైపు మీద ఆరేసిండు.

రేకులు కోసే మిషన్‌ల పోయిందట, రెండేండ్ల కింద.
చిన్న వేలు గదా అని
చిన్న పైసలు కట్టిచ్చిండ్రట.

అంటే నేను చూసింది పేలిక.
పేలికకు ఫౌలు ఇచ్చిన.

నా మొఖం చూసి వానికి తెలిసినట్టుంది.
"రెఫరీ సాబ్, బంతి తాకింది," అన్నడు.
"నాకు తెలిసింది.
చలికాలం రాత్రులు అది గుంజుతది గూడ."
అని, లేని చోట జర గోక్కున్నడు.

రూమ్‌ల బంకు మంచం మీద రిపోర్టు రాయవడ్తి.
చెయ్యి అంటే ఏడిదాక చెయ్యో
బుక్కుల వెతికిన. నొప్పి దాకనా అన్నది
ఎవ్వరూ రాయలేదు.
"కీపర్ వేలు బంతి మీద ఉన్నది."
ఉన్నది అన్న కాడ పెన్ను ఆగింది,
దించలేక ఎత్తలేక,
పిడికిలి చూసి ఆగిన ఇనుము లెక్క.
తర్వాత చుక్క పెట్టిన.

పొద్దుగాల సైటు గేటు కాడ షమ్నాద్ చాయ బండి.
ఇంకా మాట్లాడ్తలేడు.
చాయ మాత్రం పోసిచ్చిండు,
చక్కెర లేకుంట.
తాగిన.