మెడ తిరిగిన చెట్టు

ట్యాబులో రెండే గళ్ళు:
కూలినవి, నిలిచినవి.

తుఫాను పోయిన తొమ్మిదో రోజు
సున్నం డబ్బా, చీపురుపుల్లల కుంచె పట్టుకుని
కంచిలి అవతల, కర్రి ఢిల్లమ్మ తోటలోకి దిగాను.
పడ్డ చెట్టు మీంచి పడ్డ చెట్టు మీదికి
వాగు దాటినట్టు దాటుకుంటూ
మొదలు మీద అంకె వేయడం, ఫొటో తీయడం.
మట్టలింకా పచ్చగానే ఉన్నాయి
ఏం జరిగిందో వాటికెవరూ చెప్పనట్టు.

వెనకే నడుస్తూ ఆమె ఊరుకోలేదు.
"ఇది మా పెద్దగుంట పుట్టిన ఏడు ఏసింది.
ఇది దొంగముండ, ఎంత ఎరువేసినా రెండే గెలలు.
దీని బొండాం నీళ్ళు తాగే
మా మావ కళ్ళు మూసేడు."
ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది
అని రాసుకున్నాను.

తోట చివర, జీడిచెట్ల పక్కన
పదకొండు నిలబడే ఉన్నాయి.
గాలి వాటిని కూల్చలేదు.
మెడలు మెలేసి వదిలేసింది.
మొవ్వులు ఒక పక్కకి వేలాడుతున్నాయి,
విరిగిన గొడుగుల్లా.

"ఇయ్యీ రాయమ్మా."
"నిలబడ్డాయి కదా అప్పా."
"నిలబడ్డాయా?
నానూ నిలబడే ఉన్నాను, సూడు."

స్క్రీను మీద నా వేలు ఎంతసేపు ఆగిందో
ట్యాబు నిద్రపోయింది.
లేపి కొట్టాను:
నిలిచినవి, పదకొండు.

జాబితా సచివాలయం గోడకి అంటించాక
జనం నా వైపు చూడకుండా, నా భుజం మీంచి చదివారు.
ఒకరికి ఇంటిపేరు తప్పు.
కౌలుకి చేసిన దండాసి పేరే లేదు,
అతని చెట్లన్నీ బరంపురంలో ఉండే ఆసామి ఖాతాలో పడ్డాయి.
గజం భూమి లేని ఒకాయనకి మాత్రం
ఇరవై ఆరు చెట్లు కూలాయి,
ఏ గాలికో.

ఢిల్లమ్మ పేరు సరిగ్గానే ఉంది.
డబ్బులొచ్చాయని మనవడు మెసేజీ చదివి వినిపించాడు.
బ్యాంకు మిత్ర అరుగు మీద
మిషను ముందు కూర్చుంటే
బొటనవేలు కాదంది.
చూపుడువేలు కాదంది.
పదీ అయ్యాయి.
పలాసలో ఇరవై ఏళ్ళు జీడిపిక్కలు కొట్టిన చేతులు.
గీతలన్నీ జీడిసొన తినేసింది.
చీరచెంగుతో తుడిచింది, తలనూనె రాసి చూసింది,
వేలు నోట్లో పెట్టుకుని తడిపి మళ్ళీ నొక్కింది.
"ఏటి బావు, ఈ డబ్బాకి నాను కనబడ్డం నేదా?"
వెనక వరసలో ఎవరో నవ్వారు.
ఆమె కూడా నవ్వింది.

నాలుగుసార్లు తిరిగాక, పెద్ద బ్యాంకులో ఇచ్చారు.
పడ్డ చెట్లు కోసి బయటికి ఈడ్చడానికి
రంపం మనిషికీ ట్రాక్టరుకీ అది సరిపోయింది.
సరిపోయిందని ఆమే చెప్పింది,
లెక్క తేలినందుకు సంతోషంగా.

ఫాల్గుణంలో వేరే పని మీద అటు వెళ్ళాను.
పదకొండింటికీ తలలు రాలిపోయాయి.
ఎండలో ఉత్త మానులు,
తీగలు ఎవరో పీక్కుపోయిన కరెంటు స్తంభాల్లా.

ఒక్కో మొదలు మీదా
మనిషి ఛాతీ ఎత్తున
తెల్లటి మచ్చ.
దగ్గరికెళ్తే సున్నం.
సున్నంలో ముంచి అద్దిన బొటనవేలు.
గుండ్రంగా, నున్నగా, ఒక్క గీతా లేకుండా.

అంకెలు రావు కదా ఆమెకి.

పోర్టల్ మూసేసి అప్పటికి మూడు నెలలు.
ఆ సంగతి ఎలా చెప్పాలా అని నేను నిలబడితే
ఆమె పాదులో మొలకకాయ సర్దుతూ
తల ఎత్తకుండానే అంది,
"నీడకి రామ్మా, ఎండ మండిపోతంది."
నీడ ఎక్కడుందో ఇద్దరం వెతికాం.

ఫొటోలు తీశాను, పదకొండూ.
ఎక్కడికి పంపాలో తెలీదు.
ఇంకా నా ఫోనులోనే ఉన్నాయి.