ఒక్క గోలు తక్కువ

మిర్యాలగూడ సాగర్ రోడ్డుల నాలుగు గజాల దుకాణం నాది.
జిప్పులేస్త, హుక్కులేస్త, పాత ప్యాంట్ల నడుములు ఇప్పుత.
ఏడాదికోపారి
పద్దెనిమిది వీపుల మీద అంకెలు కుడత.

పోయిన ఎండల్ల హమాలీ సంఘం క్లబ్బు
పై డివిజన్‌కెక్కింది.
ఆ రాత్రి రైస్ మిల్లు సైరన్ మూడు మార్లు మోగిచ్చిన్రు.
షిఫ్టు మారిందనుకొని సగం మంది
టిఫిన్ గిన్నెలు పట్టుకొని ఉరికొచ్చిన్రు.

జెర్సీలు తవుడు రంగువి.
కోరుకున్న రంగు కాదది,
బట్టల షాపు గోదాంల మిగిలిపోయిన తాను.
పట్నంల మొదటి ఆట నాడు
గ్యాలరీల నుంచి "ఏ తవుడూ" అని పిలిచిన్రు.
ఐదు గోల్స్ తిన్నం.

రైల్ల ఎవ్వరు మాట్లాడలే.
చిట్యాల దాటినంక గోలీ జానయ్య అన్నడు:
"బస్తాకు బరువుంటది, ఎటు పడుతదో భుజానికెరుక.
గీ బంతికి బరువు లేదు మాస్టరూ. గదే కష్టం."

రెండోది ఓడినం.
మూడోది వానల ఓడినం.
నాలుగోది డ్రా అయితె
ఇన్నయ్య సారు నోట్లె విజిల్ పెట్టుకొనే
సీట్ల నిద్రపోయిండు,
ఊపిరి వదిలినప్పుడల్ల సన్నగ మోగుకుంట.

ఐదోది రైల్వే టీం మీద.
వాడపల్లి పక్క తండా పోరడు లచ్చిరాం,
ఎడమ బూటు అడుగు ఊడితె
బస్తాలు కుట్టే సుతిలి చుట్టుకొని ఉరికిండు.
గోలు కొట్టంగనే అందరు వాని మీద పడ్డరు.
నేను చూసింది వాని వీపుల తొమ్మిదిని.
ఒక కొస కుట్టు తెగి
పిట్ట రెక్కోలె కొట్టుకుంటున్నది.
ఒకటి, సున్నా.
ఏడాదంతట్ల గెలిచింది గదొక్కటే.

తర్వాత వరికోతలొచ్చినై.
మిల్లుల ముంగట లారీలు బైపాస్ దాక,
రోడ్డు పొంటి ఆరబోసిన వడ్లు,
తేమ మిషన్ పట్టుకొని తిరిగేటోళ్లు.
రాత్రి లేదు, పగలు లేదు.
బాయిలర్ కాడ అగ్గి వదిలి
కెప్టెన్ ఖాజా ఎట్లొస్తడు?
సేఠు సెలవియ్యలే.
రెండు వారాలు తొమ్మిది మందితోని ఆడినం.
మిగిలిన జెర్సీలు మడిచి నా ఒళ్లె పెట్టుకొని కూసున్న.
తొమ్మిది మంది నడుమ
గడ్డి చానా ఎక్కువుంటది.

ఆఖరిది రెండు రెండు.
పోస్టాఫీసోళ్లకు, మాకు పాయింట్లు సమానం.
గోల్స్ లెక్కల ఒక్కటి తక్కువ.
దిగినం.

అప్పటిసంది ఎతుకుతున్న.
సూది జారిపోతె మిషన్ కింద అయస్కాంతం తిప్పినట్టు
ఏడాదంత తిప్పుతున్న.
మొదటి ఆటల ఐదోదా,
రెఫరీ గడియారం దిక్కు చూసుకుంటున్నప్పుడు పడ్డది?
వానల వాళ్ల గీత మీదనే
బురదకు అతుక్కపోయిన మా బంతా?
ఖాజా తలకు తగిలి మా గోల్లెకే పోయిన ఆ దిక్కుమాలినదా?
ఏదో ఒక్కటి.
ఏది ఎనక్కి కుట్టినా సరిపోవు.

జానయ్యనడిగితె నవ్విండు.
"అన్ని నేను పట్టనియే గదనే.
అండ్ల ఒకదాన్ని ఎందుకు ఏరుతవు?"

ఈ యేడు కొత్త రంగు తెద్దామంటె పోరగాండ్లు ఒప్పుకోలే.
తవుడే గావాల్నట.
లచ్చిరాంను రైల్వేవోళ్లు తీసుకపోయిన్రు, నౌకరి ఇస్తరట.
పోయేటప్పుడు జెర్సీ ఉతికి,
ఇస్త్రీ చేసి తెచ్చిచ్చిండు.

నిన్న ఆ తొమ్మిదిని ఇప్పిన.
అంకె ఊడొచ్చింది గాని తొమ్మిది పోలే.
చుట్టూర సూది బొక్కలు,
లోపట ఎండ తగలని పాత రంగు.
కొత్త పోరడు నిలవడి చూస్తున్నడు,
నాలుగు కుట్టమన్నడు.
దీని మీద నాలుగు కుదరదు బిడ్డా,
తొమ్మిదే ఏసుకో అన్న.
పైసలు తీసుకోలే.