కాళ్ళకి తెలిసిన ఇల్లు

పర్లాకిమిడిలో కరెంటు పోయి గంటన్నర.
ల్యాప్‌టాప్‌లో ఇరవైమూడు శాతం.
కెర్నెల్ మళ్ళీ కూలింది,
నలభై వేల పరుగుల్లో ఒక్కసారి,
ఎవరిదో పేజీలో ఇంకెవరో రాసేసి.

పట్టిక సరిగ్గానే ఉంది. పదిసార్లు చూశాను.
చిరునామాని ముక్కలు చేసి
తొమ్మిదేసి బిట్లతో నాలుగు మెట్లు దిగాను.
మెట్టుకో పట్టిక.
మిగిలిన పన్నెండు బిట్లూ గదిలో ఏ మూలో చెబుతాయి.
అసలు గదే లేదక్కడ.
ఆఖరి గడిలో సున్నా.
పేజీ విడిపించేశాం, వేరేవాళ్ళకి ఇచ్చేశాం కూడా.
మరి రాస్తున్నదెవరు?

కింద అరుగు మీద విసనకర్రతో
గేదెల తవిటయ్య గారు.
ముప్పైనాలుగేళ్ళు పోస్టుమేన్.
కవరు మీద ఒడియా, తెలుగు, ఒక్కోసారి రెండూ కానిది.
'కొమ్ము దువ్వెనలు చేసే దండాసి, ఏటి దగ్గర'
అని ఉన్నా చేరేదట.
ఎప్పుడైనా తప్పారా, అన్నాను ఊరికే.

"ఒక్కపాలి.
అసిరమ్మ గారిల్లు నా కాళ్ళకి తెల్సు,
రిజిస్టరు సూడాల్సిన పనేటి?
ఆళ్ళు ముందురోజే కాళీ సేసి బరంపురం ఎల్లిపోనారు.
ఆఫీసులో కొట్టేసినారు, ఎర్రసిరాతో, సుబ్బరంగా.
నాకే ఎవుడూ సెప్పలేదు.
తలుపు సందులోంచి ఉత్తరం తోసేసినాను.
కొత్తగా దిగినావిడ సదివేసింది.
అందులో ఏటుందో నాకు తెలీదు.
నన్ను సూస్తే మాత్రం తలుపేసేసీది."

రెండేసి మెట్లు ఎక్కి పైకొచ్చాను.
మూడో కోర్!
పట్టిక దాకా వెళ్ళదది.
నిన్నటి దారి జేబులోనే ఉంది,
ఆ దారినే పోయి రాసేస్తోంది.
మనం ఎర్రసిరాతో కొట్టేసి
నడిచే కాళ్ళకి చెప్పడం మరిచాం.

ఒక్క వరుస పైకి జరిపాను.
ముందు గడి చెరుపు.
తరవాత అన్ని కోర్లకీ కబురు,
ఒక్కొక్కటీ 'మర్చిపోయాను' అనేదాకా ఆగు.
అప్పుడియ్యి పేజీని,
ఎవరికిచ్చినా.

బ్యాటరీ తొమ్మిది.
నలభై వేలు దాటింది. యాభై. కూలలేదు.

కింద విసనకర్ర చప్పుడు ఆగింది.
"అమ్మాయ్," అన్నారు చీకట్లోంచి,
"బరంపురంలో ఏ సాహిలో దిగినారో
నీ మిసన్లో దొరుకుతాదేటి?
ఎవులో ఒకలు ఆయమ్మకి సెప్పాల గదా,
ఉత్తరం ఒకటొచ్చిందని."