అడిగితేనే చెప్పాలి

పుంతా అరేనాస్‌లో ఈరోజు గాలి రోజు.
జనం పట్టుకు నడవడానికి
వీధి మలుపుల్లో తాళ్ళు కట్టారు.
నేను మాత్రం మంచం మీద,
మోకాలికి ఆపరేషనై నాలుగో రోజు,
కాగితం ప్రకారం.

నిజానికి నలభై ఏళ్ళు గొర్రెల బొచ్చు కత్తిరించినవాణ్ణి.
ఇప్పుడు గంటకింత అని నొప్పి నటిస్తాను
ఫిజియోథెరపీ పిల్లల పరీక్షకు.
ఎడమ పిక్కకు దూది చుట్టి వాపు తెచ్చారు,
పైన ఎర్రరంగు పూశారు.
"పిక్క నొప్పి: అడిగితేనే చెప్పాలి."
ఆ వాక్యం కింద రెండు గీతలు.

పొద్దుటి నుంచి ఏడుగురు వచ్చారు.
చేతులు కడుక్కున్నారు, చక్కగా పలకరించారు,
నడుముకు పట్టీ బిగించి లేపారు.
పది అడుగులు, శభాష్ తాతా, ఇంకో పది.
అద్దం వెనక కలాలు కదిలాయి.
నెత్తురు గడ్డ పిక్క వదిలి
గుండె దాటి ఊపిరికి అడ్డం పడింది.
ఏడుసార్లు చచ్చాను
భోజనాల వేళకి ముందే,
లేపినవాళ్ళకి తెలియకుండా.

ఎనిమిదో పిల్ల యాస్నా.
చేతుల్లో వణుకు. నా పేరు తప్పు పలికింది.
పట్టీ బిగించబోయి
ఆగింది.
ఈ పిక్కా ఆ పిక్కా చూసింది.
టేపుతో కొలిచింది. నమ్మక మళ్ళీ కొలిచింది.
"ఇక్కడ ఎప్పట్నుంచి?"

రాత్రి నుంచి, అన్నాను.
ఆ గొంతు నటన కాదు.

"లేవకండి."
డాక్టరుకు కబురు చెబుతుండగానే గంట మోగింది.
ఒక్క అడుగూ వేయించలేదని
తలుపు దగ్గర కళ్ళు తుడుచుకుంది.
నేను మాట్లాడకూడదు. రూలు.

సాయంత్రం తాడు పట్టుకుని ఇంటికి నడిచాను.
రంగు కడుక్కోవడం మర్చిపోయాను.
పొయ్యి దగ్గర నా మేజోడు లాగుతూ
ఓర్తెన్సియా చెయ్యి ఆగింది:
"ఇదేంటి, ఎప్పట్నుంచి?"