పక్క టైరు

టోనోపా దాటాక నూట అరవై పైచిలుకు మైళ్ళు
బంకు లేదు, కొట్టు లేదు.
నెవాడా ఆగస్టు. రోడ్డు పెనంలా ఉంది.
మా అన్న వెండెల్ నడుపుతున్నాడు,
నేను పొద్దుతిరుగుడు గింజలు కొరికి ఊస్తున్నాను.

వెనక ట్రైలరు మీద, నాలుగు పట్టీలతో బిగించి,
మా ఎర్ర ఫాల్కన్. అరవై నాలుగు నాటిది.
శనివారం బానవిల్ ఉప్పు బయలు మీద
గంటకి రెండువందల మైళ్ళు కొట్టించాలని
మూడు చలికాలాలు దాని కింద వెల్లకిలా పడుకున్నాం.

తుపాకీ పేలినట్టు ఉంటుందంటారు గాని
నాకు వినపడ్డది
ఎవరో తడి దుప్పటి దులిపినట్టు.
ఆ తర్వాత రేకు చిరగడం.
అద్దంలో చూస్తే నల్లటి పట్ట ఒకటి
పడగెత్తి లేచి, రోడ్డు మీద పొర్లి, పడుకుంది.
"బ్రేకు తొక్కకు" అన్నాను.
తొక్కలేదు.
వేగం దానంతటదే చచ్చేదాకా
స్టీరింగుని పసిపిల్ల తలలా పట్టుకున్నాడు.

ఎడమ వైపు, వెనకది.
మడ్గార్డు చీల్చి, లైట్ల వైర్లు పీకి,
రిమ్ము చుట్టూ ఇనప మీసాలు మిగిల్చి పోయింది.
"గతుకేదో తగిలుంటుంది" అన్నాడు వెండెల్.
ఇద్దరం వెనక్కి తిరిగి చూశాం.
అరచేయంత నున్నగా ఉంది రోడ్డు.

స్పేరు ఉంది.
స్పేరుకి ఐదు కన్నాలు, హబ్బుకి ఆరు బోల్టులు.
కొన్ననాటి నుంచీ అక్కడే వేలాడుతోంది,
ఎవరం లెక్కపెట్టాం?

రెండు గంటలకి గొర్రెల ట్రైలరొకటి వచ్చి ఆగింది.
దిగినాయన పేయో అరిసబలాగ,
పిరనీస్ కొండల నుంచి గొర్రెలు కాయడానికొచ్చిన బాస్కుల మనవడు.
పేలిన దాని వంక చూడనైనా లేదు.
పక్కదాని దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని
బొటనవేలితో దుమ్ము తుడిచి
నాలుగంకెలు చదివాడు:
పదకొండో వారం, పద్నాలుగో ఏడు.
"పదేళ్ళు దాటింది వీటికి."

వెండెల్‌కి రోషమొచ్చింది.
"గాళ్ళు చూడండి ఎంత లోతున్నాయో!
ఏడాదికి రెండుసార్లే తీస్తాం."
"అందుకే" అన్నాడాయన.
"ఎండలో ఊరికే నిలబడ్డదే తొందరగా ముసలిదవుతుంది."
పైన పటారం, లోన లొటారం.

"పోయినదాన్ని వదిలెయ్యండి. దీనిమీద చెయ్యి పెట్టు."
పెట్టి, లాక్కున్నాను. చుర్రుమంది.
జోడెడ్లలో ఒకటి కూలితే
కాడి మొత్తం రెండోదాని మెడ మీదే.
నిలబడే ఉంది కదా అని
దాన్నెవరూ పలకరించరు.

పైన ఫాల్కన్ టైర్లకి
మా ఆర్నెల్ల అద్దె పోశాం.
టార్చి వేసి, గోటితో నొక్కి,
అవి పుట్టిన తేదీ కాగితం ప్లాస్టిక్ కవర్లో దాచాం.
(శనివారం నూట ఎనభై ఏడు దాటలేదు. అది వేరే కథ.)
కింద మోసేవాటికి
తేదీ ఉంటుందనే తెలీదు మాకు.
గాలి ఎంత పట్టాలో
వాటి ఒంటిమీదే రాసుందట. చదవలేదు.

తన స్పేర్లు రెండూ దించాడు.
ముందు కన్నాలు లెక్కపెట్టాడు. ఆరు.
గొర్రె పెంట వాసన.
డబ్బిస్తే తీసుకోలేదు,
"వచ్చేటప్పుడు నా కంచెకి ఆనించి పొండి."
బండెక్కి, అద్దం దించి, మళ్ళీ:
"యాభై మైళ్ళకి ఆగి నట్లు బిగించాలి.
ఆగుతామంటారు. ఎవరూ ఆగరు."

చీకటి పడింది. ఈలీ దీపాలు కనిపిస్తున్నాయి,
వేడి అన్నం లాంటి దీపాలు.
"ఊళ్ళోకెళ్ళాక చూద్దాం" అన్నాడు వెండెల్.
మైళ్ళ మీటరు చూశాను. నలభై తొమ్మిది.
ఆపమన్నాను.

ఫోను వెలుతురు పళ్ళతో కరిచి పట్టుకుని
పానా వేశాను.
ఐదు కదల్లేదు.
ఆరోది
పావు చుట్టు తిరిగింది.